గాలి ఎక్కడినుంచి వచ్చింది, వేడి ఎక్కడినుంచి పోతోంది

(గుంటూరులో డిగ్రీ విద్యార్థులు, సైన్స్ ఉపాధ్యాయుల కోసం జరిగిన సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

గాలి గురించి మాట్లాడుకోవడానికి గుంటూరు హక్కున్న ఊరు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం ఈ ఊరి మీదుగా వెళ్ళింది. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి జూల్స్ జాన్సెన్ వచ్చి ఇక్కడే దుర్భిణి బిగించుకున్నారు. దానికి వర్ణపటదర్శిని తగిలించి, సూర్యుడి అంచున ఎగసిపడే మంటల వెలుగును రంగు గీతలుగా విడదీసి చూశారు. ఆ గ్రహణంలో కనబడిన ఒక పసుపు గీత అప్పటికి భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని తర్వాత తేలింది. సూర్యుడి గ్రీకు పేరు మీద దానికి హీలియం అని పేరు పెట్టారు. అదే వాయువు భూమ్మీద విలియం రామ్సే చేతికి చిక్కింది 1895లో.

ఇవాళ మనకు కావలసిన రెండు ముక్కలూ ఇందులోనే ఉన్నాయి. ఒకటి, ప్రతి వాయువుకూ తనదైన గీతలుంటాయి. ఏ కిరణాన్ని పట్టుకుంటుందో, దేన్ని వదిలేస్తుందో అది ముందే ఖాయం. భూమి వేడెక్కడమంతా ఆ గీతల వ్యవహారమే. రెండోది, సూర్యుడి బరువులో దాదాపు నాలుగో వంతు హీలియమే అయితే, మన గాలిలో అది పది లక్షల పాళ్ళకు అయిదు పాళ్ళే. మిగతాది ఏమైంది? ముందు ఈ రెండోది చూద్దాం.

భూమి వయసు 454 కోట్ల ఏళ్ళు. పుట్టిన కొత్తలో దాన్ని చుట్టుకుని ఉన్నది సూర్యుడిలో ఉన్న సరుకే, అంటే హైడ్రోజన్, హీలియం. భూమి పట్టు తప్పించుకోవాలంటే సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగం కావాలి. ఒకే వేడిలో అణువు ఎంత తేలికైతే అంత జోరుగా పరిగెడుతుంది. అందుకే గాలి పై అంచున ఈ తేలిక వాయువుల అణువులు కొన్ని ఎప్పుడూ ఆ హద్దు దాటి పోతూనే ఉంటాయి. పుట్టినరోజు బెలూన్లో నింపిన హీలియం కూడా చివరికి అటే పోతుంది. ఇప్పుడు మనకు దొరికే హీలియం రాళ్ళలోని యురేనియం, థోరియం క్షీణిస్తుంటే కొత్తగా పుట్టింది. ఆర్గాన్‌దీ ఇలాంటి పుట్టుకే, దాని తల్లి రాళ్ళలోని పొటాషియం-40. బరువైనది కాబట్టి ఎటూ పోలేదు, దేనితోనూ కలవలేదు, పేరుకుంటూ వచ్చింది. ఈ హాల్లో మీరు పీలుస్తున్న గాలిలో 0.93 శాతం అదే. కార్బన్ డయాక్సైడ్ కంటే ఇరవై రెట్లకు పైగా ఎక్కువ.

మొదటి గాలి పోయాక రెండో గాలి భూమి లోపలినుంచే వచ్చింది. అగ్నిపర్వతాల్లోంచి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, గంధకపు వాయువులు, కొంచెం నత్రజని. ఆక్సిజన్ లేదు. ఆవిరి చల్లబడి వానై సముద్రమైంది. నత్రజని సోమరి వాయువు, దేనితోనూ సులువుగా కలవదు, అందుకే నిలబడి ఇప్పటి 78 శాతమైంది. మరి కార్బన్ డయాక్సైడ్? అప్పుడు అది గాలిలో ప్రధానమైన వాయువుల్లో ఒకటి. ఇప్పుడు పది వేల పాళ్ళకు నాలుగు పాళ్ళు. ఎక్కడికి పోయిందో చూపించడానికి ఈ గ్లాసు తెచ్చాను.

(గ్లాసు పైకెత్తి చూపిస్తూ) ఇది సున్నపు తేట. కిళ్ళీ బడ్డీలో దొరికే తడి సున్నం ఒక చెంచా లీటరు నీళ్ళలో కలిపి, మూత పెట్టి రాత్రంతా కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్ళు మాత్రం వంచితే వస్తుంది. మాస్టార్లు గమనించండి, స్కూల్లో ఇది పనిచేయకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ పాత సున్నమే. నెలల తరబడి గాలికి వదిలేసిన సున్నం ఈసరికే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్ళీ సున్నపురాయి పొడిగా మారిపోయి ఉంటుంది. మూత పెట్టకపోతే తేట మీద కూడా మీగడలా తెట్టు కడుతుంది. పిల్లల చేత చేయించేటప్పుడు గొట్టంతో ఊదమనాలి గాని పొరపాటున పీల్చనివ్వకూడదు, నోరు పొక్కుతుంది.

(గొట్టంతో ఊదిన తర్వాత) అర నిమిషం కూడా కాలేదు, పాలలా తెల్లబడింది. మన ఊపిరిలో సుమారు 4 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అది సున్నంతో కలిసి కాల్షియం కార్బొనేట్ అయింది. అంటే సున్నపురాయి. మన కళ్ళముందే గాలి రాయిగా మారింది.

ఇప్పుడు పిడుగురాళ్ళ వైపు వెళ్ళండి. దాచేపల్లి, మాచర్ల, రోడ్డు పొడవునా సున్నపురాయే. ఇళ్ళలో పరిచే నాపరాయి కూడా ఆ జాతిదే. నేలమీద గడ్డిపోచైనా మొలవని కాలంలో, ఒక లోతులేని సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న రాయి అది. నూరు కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని బట్టీలో 900 డిగ్రీల దాకా కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది. తక్కిన 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా బట్టీ పైనుంచి పోతాయి. రాయి బరువులో దాదాపు సగం ఒకప్పటి గాలే. సిమెంటు ఫ్యాక్టరీ లెక్కలో బొగ్గు వాటా ఒకటైతే, రాయిలోంచి వచ్చే ఈ వాటా వేరు. కరెంటంతా సోలార్ చేసినా ఈ రెండోది ఆగదు.

భూమ్మీది సున్నపురాయి మొత్తాన్ని ఇలా కాల్చేస్తే వచ్చే కార్బన్ డయాక్సైడ్, శుక్రగ్రహం గాలిలో ఉన్నదానికి దగ్గరగా ఉంటుంది. అక్కడ గాలిలో 96 శాతం అదే, పీడనం మనకంటే 90 రెట్లు, నేల మీద వేడి 465 డిగ్రీలు. కార్బన్ మనకూ వాళ్ళకూ సుమారు సమానమే. తేడా అది ఉన్న చోటులో. మనది రాయిలో ఉంది, వాళ్ళది గాలిలో ఉంది. నీళ్ళు లేకపోతే ఈ పని జరగదు.

ఎలా జరుగుతుందంటే, వాన చినుకు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని పల్చటి ఆమ్లమవుతుంది. అది సిలికేట్ రాయిని, అంటే గ్రానైటు, బసాల్ట్ లాంటి రాయిని, కొద్దికొద్దిగా తిని కాల్షియాన్ని, బైకార్బొనేట్‌ను నీళ్ళలోకి లాగుతుంది. కృష్ణ మహాబలేశ్వర్ దగ్గర దక్కను బసాల్ట్ అనే గడ్డకట్టిన లావా రాయి మీద పుడుతుంది. ఈ పనికి బసాల్ట్ చాలా లొంగే రాయి. అక్కడ కరిగింది ప్రకాశం బ్యారేజీ దాటి, హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. సముద్రంలో గవ్వలు, నత్తలు, పగడాలు దాన్ని గుల్లలుగా కట్టుకుంటాయి. గుల్లలు అడుగున చేరి కోట్ల ఏళ్ళకు రాయి అవుతాయి. ఇక్కడ ఒక జాగ్రత్త. సున్నపురాయే కరిగి మళ్ళీ సున్నపురాయిగా పేరుకుంటే గాలికి మిగిలేదీ లేదు, తగ్గేదీ లేదు. ఇందాకటి గ్లాసులో ఇంకో నాలుగైదు నిమిషాలు ఊదితే తెలుపు విరిగి మళ్ళీ తేట అవుతుంది, అది ఈ కరగడమే. సిలికేట్ రాయిలోని కాల్షియం కలిస్తేనే గాలిలోంచి అసలు కోత పడుతుంది.

ఈ ఏర్పాటుకు ఒక గొప్ప గుణముంది. వేడి పెరిగితే వానలు, రాళ్ళు కరగడం జోరందుకుని కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. చలి పెరిగితే కరగడం మందగిస్తుంది, అగ్నిపర్వతాలు మాత్రం ఊదుతూనే ఉంటాయి, మళ్ళీ పెరుగుతుంది. సూర్యుడు పుట్టిన కొత్తలో ఇప్పటికంటే 30 శాతం తక్కువ వెలుగునిచ్చేవాడు. ఇప్పటి గాలే అప్పుడూ ఉంటే సముద్రాలు గడ్డకట్టాలి. 1972లో కార్ల్ సేగన్, జార్జ్ మల్లెన్ ఈ చిక్కును ఎత్తిచూపారు. ఎక్కువ కార్బన్ డయాక్సైడ్, బహుశా మీథేన్ కూడా అప్పుడు భూమిని కాచి ఉండాలి. కాని ఈ సర్దుబాటుకు పట్టే కాలం లక్షల ఏళ్ళు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇక ఆక్సిజన్. దీన్ని తయారుచేసింది సయనోబాక్టీరియా, మన చెరువుల్లో నీలి ఆకుపచ్చ నాచు అంటామే, ఆ కులానివి. నీటిని విడగొట్టి హైడ్రోజన్‌ను వాడుకుని, ఆక్సిజన్‌ను చెత్తగా వదిలేశాయి. అప్పటి సముద్రాల్లో కరిగిన ఇనుము నిండా ఉండేది. వచ్చిన ఆక్సిజన్ వచ్చినట్టే దానితో కలిసి తుప్పుగా అడుగుకు దిగింది. ఎర్రటి ఇనుప పొర, చెకుముకి పొర, మళ్ళీ ఇనుప పొర. బళ్ళారి, సండూరు కొండల్లోనూ, బైలడిల్లలోనూ తవ్వుతున్నది ఇలాంటి పొరల ఖనిజాన్నే. కిరండూల్ నుంచి విశాఖ దిగే గూడ్సు వ్యాగన్లలో ఉన్నది పాత సముద్రపు తుప్పు. ఆక్సిజన్ గాలిలో నిలదొక్కుకున్నది సుమారు 240 కోట్ల ఏళ్ళ క్రితం. అది మీథేన్‌ను మింగేయడం వల్లే కావచ్చు, దాదాపు అదే కాలంలో భూమి ఒక పెద్ద మంచుయుగంలోకి జారింది. 72 కోట్ల నుంచి 63 కోట్ల ఏళ్ళ మధ్య ఇంకా దారుణమైన మంచుయుగాలు రెండు వచ్చాయి, భూమధ్యరేఖ దాకా మంచే.

చెట్లు ఆక్సిజన్ ఇస్తాయి అని పిల్లలకు చెబుతాం. నిజమే గాని సగం నిజం. చెట్టు చచ్చి కుళ్ళేటప్పుడు తానిచ్చిన ఆక్సిజన్‌ను దాదాపు అంతా వెనక్కి తీసుకుంటుంది. కుళ్ళకుండా మట్టిలో పూడిపోయినప్పుడే ఆ మేరకు ఆక్సిజన్ గాలిలో మిగులుతుంది. సింగరేణి బొగ్గు అలా పూడిపోయిన పాతిక ముప్పై కోట్ల ఏళ్ళ నాటి అడవి. మనం పీల్చే ఆక్సిజన్, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో మండే బొగ్గు, రెండూ ఒకే లావాదేవీకి జమ, ఖర్చు. బొగ్గు కాలిస్తే ఆక్సిజన్ అయిపోతుందని మాత్రం భయపడొద్దు. పది లక్షల పాళ్ళలో 2,09,500 పాళ్ళున్న ఆక్సిజన్ ఏడాదికి నాలుగు పాళ్ళ చొప్పున తగ్గుతోంది. పరిశ్రమలు రాకముందు 280 పాళ్ళున్న కార్బన్ డయాక్సైడ్ 2024కు సగటున 420 దాటింది. పెద్ద కుప్పలో నాలుగు గింజలు తీసినా తెలియదు, చిన్న దోసిట్లో నాలుగు వేస్తే తెలుస్తుంది.

ఇప్పుడు వేడి సంగతి.

మిరప కళ్ళం అందరికీ తెలిసిందే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కాయ ఆరబోసి, సాయంత్రం కాగానే కుప్పచేసి పట్టా కప్పుతారు, మంచు పడి కాయ రంగు పోకుండా. ఆ మంచు పైనుంచి పడదు. ఆకాశం తేటగా ఉన్న రాత్రి కాయ తన వేడిని కంటికి కనబడని పరారుణ కిరణాలుగా పైకి వదిలేస్తుంది. చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడి, ఆ గాలిలోని తేమ దానిమీద చెమ్మగా దిగుతుంది. మబ్బు పట్టిన రాత్రి మంచు పెద్దగా ఉండదు. వేపచెట్టు కింద ఆరబోసిన కాయ మీదా ఉండదు. మబ్బు, చెట్టు, పట్టా మూడూ ఒకే పని చేస్తాయి. కింది నుంచి వెళ్ళే కిరణాన్ని పట్టుకుని, తమ వేడికి తగినంత కిందికి తిరిగి పంపుతాయి. హరితగృహ ప్రభావం అంటే ఇదే పని, మబ్బు లేకుండా, కంటికి కనిపించని వాయువులు చేయడం.

ఆ పేరే కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. పాలిథిన్ కప్పు వేసిన హరితగృహం, అంటే పాలీహౌస్‌లో వేడికి ముఖ్య కారణం వేడిగాలి పైకి పోకుండా కప్పు ఆపడం. పల్చటి పాలిథిన్ షీటు పరారుణ కిరణాలను చాలావరకు దాటనిస్తుంది, అయినా లోపల ఉడికిపోతుంది. భూమికి కప్పు లేదు, అక్కడ కథ వేరు.

లెక్క చూద్దాం. సూర్యుడికి ఎదురుగా నిలిపిన చదరపు మీటరు మీద గాలి బయట 1361 వాట్లు పడతాయి. గోళం ఉపరితలం దాని నీడకు నాలుగు రెట్లు కాబట్టి సగటున 340. అందులో 30 శాతం మబ్బులు, మంచు, ఇసుక వెనక్కి కొట్టేస్తాయి. మిగిలింది సుమారు 240 వాట్లు. తీసుకున్నంతా వదలాలి. 240 వాట్లు వదిలే వస్తువు వేడి మైనస్ 18 డిగ్రీలు. భూమి నేల సగటు వేడి మాత్రం 15 డిగ్రీలు. ఆ 33 డిగ్రీల తేడానే మనల్ని బతికిస్తోంది.

ఈ 33 డిగ్రీలు తెచ్చింది నత్రజనీ కాదు, ఆక్సిజనూ కాదు. రెండు ఒకేరకం పరమాణువులు జంటగా ఊగినా విద్యుదావేశం ఎటూ మొగ్గదు, కిరణం వాటిని పట్టుకోలేదు. కార్బన్ డయాక్సైడ్‌లో మధ్యలో కార్బన్, అటూ ఇటూ ఆక్సిజన్. అది కావడిబద్దలా వంగుతుంది. వంగినప్పుడల్లా ఆవేశం ఒక పక్కకు మొగ్గి, 15 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యమున్న కిరణాన్ని పట్టేస్తుంది. భూమి వదిలే వేడి ఎక్కువగా 10 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది, 15 దానికి పక్కనే. 1856లో యూనిస్ ఫుట్ అనే అమెరికా మహిళ ఈ వాయువు నింపిన గాజు గొట్టం ఎండలో ఎక్కువ వేడెక్కుతుందని చూపారు. 1859లో జాన్ టిండాల్ పరారుణ కిరణాలతోనే కొలిచారు. ఈ వాయువు మారితే భూమి వేడి ఎంత మారుతుందో 1896లో స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ లెక్కకట్టారు.

ఇక్కడే చాలామంది, చదువుకున్నవాళ్ళు కూడా, తడబడే చోటుంది. 1900లో స్వీడన్ భౌతిక శాస్త్రవేత్త ఆంగ్‌స్ట్రోమ్ గొట్టంలో ఈ వాయువును నింపి కొలిచి, ఉన్నదే కిరణాన్నంతా పట్టేస్తోంది, ఇంకా పెంచితే ఏమవుతుంది అన్నారు. కిటికీకి నల్లరంగు వేశాక రెండో పూత వేసినా అదే చీకటి కదా అన్నట్టు. వాదన సబబుగానే ఉంది. కాని గాలి ఒక్క పూత కాదు. నేల దగ్గర పట్టుబడిన వేడి అణువులో దాక్కోదు. అది పక్క అణువులను సెకనుకు వందల కోట్ల సార్లు గుద్దుకుంటూ వేడిని అందరికీ పంచుతుంది. ఆ పొర తన వేడికి తగ్గట్టు పైకీ కిందికీ వదులుతుంది, పై పొర పట్టుకుంటుంది, మళ్ళీ వదులుతుంది. ఇలా మెట్లు మెట్లుగా ఎక్కి, గాలి బాగా పల్చబడిన ఎత్తుకు చేరాకే కిరణం తప్పించుకుని అంతరిక్షంలోకి పోతుంది. సగటున ఆ ఎత్తు 5 కిలోమీటర్లు. అక్కడి వేడి సుమారు మైనస్ 18. కిలోమీటరు కిందికి దిగితే 6.5 డిగ్రీల చొప్పున పెరుగుతుంది. అయిదు కిలోమీటర్లు దిగితే 33 డిగ్రీలు. ఇందాకటి తేడా ఇదే.

ఇప్పుడు వాయువు పెంచండి. నేల దగ్గర మార్పు తక్కువే. పైన మాత్రం తప్పించుకునే ఎత్తు ఇంకా పైకి పోతుంది. పైన చలి ఎక్కువ, చల్లని పొర తక్కువ వాట్లు వదులుతుంది. వచ్చేది 240, పోయేది అంతకంటే తక్కువ. మిగిలింది పేరుకుని, పైపొర మళ్ళీ 240 వదిలేదాకా మొత్తం గాలీ, నేలా, సముద్రమూ వేడెక్కుతాయి. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే ఆ ఎత్తు సుమారు 150 మీటర్లు పెరుగుతుంది. దాన్ని 6.5తో గుణిస్తే దాదాపు ఒక డిగ్రీ. ఇది వాయువు ఒక్కదాని వాటా. డిగ్రీ పెరిగితే గాలి 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు, ఆవిరీ ఇదే పని చేస్తుంది. మంచు కరిగితే వెనక్కి కొట్టే వెలుగు తగ్గుతుంది. అన్నీ కలిపితే సుమారు 3 డిగ్రీలని ఇప్పటి అంచనా. ఈ నిలువు లెక్కను కంప్యూటర్ మీద సరిగ్గా కట్టింది 1967లో మనాబే, వెదరాల్డ్. మనాబేకు 2021లో నోబెల్ వచ్చింది.

దీన్ని పైనుంచి చూశారు కూడా. 1970లో నింబస్-4 ఉపగ్రహం భూమి వదిలే వెలుగును గీతలుగా విడదీసింది. సహారా మీద కిటికీలాంటి 10, 12 మైక్రాన్ల దగ్గర ఇసుక వేడి నేరుగా కనబడింది. 15 మైక్రాన్ల దగ్గర గొయ్యి. అక్కడ కనబడేది ఎత్తున ఉన్న చలి, మైనస్ 50 డిగ్రీల చుట్టూ. గుంటూరులో జాన్సెన్ సూర్యుడి వైపు తిప్పిన పనిముట్టు లాంటిదాన్నే భూమి వైపు తిప్పితే దొరికిన గీత ఇది.

ఇందాక లక్షల ఏళ్ళన్నాను గుర్తుందా. అగ్నిపర్వతాలన్నీ కలిసి ఏడాదికి వదిలే కార్బన్ డయాక్సైడ్ ముప్పై నలభై కోట్ల టన్నులు. రాళ్ళు దాన్ని సర్దుకోగలవు. మనం బొగ్గు, చమురు, గ్యాసు, సిమెంటుతో వదిలేది సుమారు 3,700 కోట్ల టన్నులు. వంద రెట్లు.  అందులో సగం సముద్రం, అడవి, మట్టి తీసుకుంటున్నాయి, మిగతా సగం గాలిలోనే. కృష్ణ ఎంత మోసినా ఈ వేగాన్ని అందుకోలేదు. ఇది నన్ను నిజంగా కలవరపెట్టే లెక్క.

మీ ప్రశ్నలు అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, అసలు నీటి ఆవిరే ఎక్కువ కదా, దాన్ని వదిలేసి కార్బన్ డయాక్సైడ్‌ను ఎందుకు తప్పుపడతారు?)

ప్రభావంలో పెద్ద వాటా ఆవిరిదేనమ్మా, సందేహం లేదు. కాని ఆవిరి గాలిలో సగటున తొమ్మిది పది రోజులే ఉంటుంది, ఎక్కువైతే వానై పడిపోతుంది. ఎంత ఆవిరి ఉండాలో గాలి వేడి నిర్ణయిస్తుంది. ఆ వేడిని పట్టి ఉంచేది, చలికి వానగా పడిపోనిది, కార్బన్ డయాక్సైడ్. అది లేకపోతే చలికి ఆవిరి రాలిపోయి భూమి గడ్డకడుతుంది.

(ఒక ఉపాధ్యాయుడు: ఓజోన్ రంధ్రం వల్లే వేడి లోపలికి వస్తోందని పిల్లలు రాస్తున్నారండీ.)

మార్కులు తీసేయండి మాస్టారూ, అది వేరే సంగతి. ఓజోన్ పొర ఆపేది అతినీలలోహిత కిరణాలను. ఇంకో మాట చెప్పండి వాళ్ళకు. సూర్యుడి వేడే పెరిగి ఉంటే కిందా పైనా అన్ని పొరలూ వేడెక్కాలి. మన కొలతల్లో కింది గాలి వేడెక్కుతోంది, దాని పైనున్న పొర స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే జరగాల్సింది సరిగ్గా అదే.

(ఒక రైతు: మా వరిచేలో నుంచి కూడా గ్యాసు వస్తుందంటున్నారు, నిజమేనా?)

నిజమేనండీ. నీళ్ళు నిలిచిన మడిలో మట్టికి ఆక్సిజన్ అందదు. అప్పుడు పనిచేసే సూక్ష్మజీవులు మీథేన్ చేస్తాయి, అది వరి దుబ్బు లోపలి గుల్లలోంచే పైకి వస్తుంది. వందేళ్ళ లెక్కన కిలో మీథేన్ 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, కాని పదేళ్ళు పన్నెండేళ్ళలో గాలిలోంచి పోతుంది. అందుకే దీన్ని తగ్గిస్తే ఫలితం త్వరగా కనిపిస్తుంది. తడి పొడి పద్ధతి చేయండి. అడుగు పొడవు ప్లాస్టిక్ పైపు, నాలుగు నుంచి ఆరంగుళాల వెడల్పుది, కింది సగానికి పైగా బెజ్జాలు వేసి, బెజ్జాలున్న భాగం మట్టిలో దిగేలా పాతి, లోపలి మట్టి తీసేయండి. గట్టుకు దగ్గరగా, చూడటానికి వీలున్న చోట పెట్టండి, కాని గట్టు పక్కనే వద్దు, అక్కడ నీరు ఊరి లెక్క తప్పుతుంది. నాటిన రెండు వారాల తర్వాత మొదలుపెట్టండి. పైపులో నీరు మట్టి మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగాకే మళ్ళీ 5 సెంటీమీటర్లు తడి పెట్టండి. పూతకు వారం ముందు, పూతలో, తర్వాత వారం మాత్రం ఆరనివ్వకండి, తాలు పడుతుంది. మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది. ఆరి తడిసే మట్టిలో యూరియా నుంచి నైట్రస్ ఆక్సైడ్ అనే ఇంకో హరితగృహ వాయువు కొంచెం పెరుగుతుంది, కాబట్టి యూరియా ఒకేసారి దిమ్మరించకుండా విడతలుగా వేయండి. కాలువ చివరి పొలాల్లో వంతు నీరు ఎప్పుడొస్తుందో నమ్మకం లేనప్పుడు 15 దాకా ఆగకండి, 10 దగ్గరే తడి పెట్టుకోండి.